లీవు చీటీ

పెద్దకోడలు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. చిన్నకోడలు అక్కడే ఆఫీసులో గుమాస్తా. ఇద్దరిదీ ఒకే ఇంట్లో కాపురం.

కంటి ఆపరేషన్‌కు పదిరోజులు సెలవు కావలసివచ్చి పెద్దామె తోడికోడల్ని సాయం అడిగింది.

"ఇంగ్లీషులో రాసిస్తే మర్యాదగా ఉంటుందక్కా. నేను చెప్తా, నీ చేత్తో నువ్వే రాయి."

ఒక్కో అక్షరమూ చెప్పించుకుని, నాలుక మునిపంట పట్టుకుని రాసింది: "ఐ లీవ్ ఫ్రమ్ మండే." నలభై ఆరేళ్లకు ఆమె రాసిన మొదటి ఇంగ్లీషు వాక్యం. మొగుడికి చదివి వినిపిస్తే, "దొరసానివైపోయావే!" అని నవ్వాడు.

పదకొండో రోజు నల్లకళ్లద్దాలతో పనికి వచ్చేసరికి ఆమె ఇస్త్రీ యంత్రం దగ్గర చిన్నకోడలి చెల్లెలు నిలబడి ఉంది. ఆ రోజే చేరిందట.

మేనేజరు చీటీ చూపించాడు. "మానేస్తానని నువ్వే రాశావు కదమ్మా?"

"లీవండీ! సెలవు!"

"సెలవు అడగాలంటే ఇలా రాయరు. ఐ లీవ్ అంటే వదిలి వెళ్లిపోతున్నానని. మీ తోడికోడలూ అదే చెప్పింది. రాత నీదా, కాదా?"

నాదేనంది.

చిన్నకోడలు రిజిస్టరులోంచి తలెత్తలేదు. "ఒక్క మాటకి ఇన్ని అర్థాలుంటే నేనేం చేసేదక్కా? అయినా ఆ కళ్లతో ఇంకెన్నాళ్లు చేస్తావులే."

"పోయేముందు ఆ పిల్లకి పని చూపించి పో," అన్నాడు మేనేజరు.

చూపించింది. దుప్పటి కొసలు ఎలా పట్టాలో, ముడత ఎలా లాగాలో చెప్పింది. పాత యంత్రం కనుక మూత ఎత్తేముందు ఆవిరి కట్టేసి వంద లెక్కపెట్టాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంతేనా అక్కా?" అంది పిల్ల.

"ఇంతే."

గేటు దాటుతుండగా కేక వినిపించింది. కాళ్లు వెనక్కి తిరగబోయాయి. తిరగనివ్వలేదు.

సాయంత్రం ఆ పిల్లను అక్క ఇంటికే తెచ్చారు. మోచేతులదాకా కట్లు. చిన్నకోడలు మందులకు పరుగెత్తింది. అన్నం తినిపించడానికి పెద్దామె తప్ప ఇంట్లో ఎవరూ లేరు.

"నువ్వు చెప్పినట్టే చేశానక్కా," అంది పిల్ల వెక్కుతూ. "ఎక్కడ తప్పు చేశానో తెలీట్లేదు."

పెద్దామె ముద్ద కలిపింది.

"నోరు తెరువు," అంది.