లోపల మావాళ్ళున్నారు

తప్పు ఎలిజబెత్‌ది కాదు, జాకీర్‌ది అంతకన్నా కాదు. చిక్కంతా తోట అనే మాటతో వచ్చింది.

చల్లపల్లి దాటాక కాలవ గట్టు వెంట ఉన్న ఆ పేటలో సమాధుల తోటను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. తోట అంటే చాలు. ఫలానా ఆయన్ని తోటలో పెట్టాం అంటారు, తోటకి పోయి కొవ్వొత్తి పెట్టొచ్చాం అంటారు. అయితే ఎనిమిదేళ్ళుగా ఆ తోట లోపలికి ఎవరూ పోయింది లేదు. సర్కారు తుమ్మ కమ్మేసింది. కత్తులతో నరికితే వానలకు రెండింతలై లేచింది. తగలబెడదామంటే కొయ్య సిలువలు కూడా కాలిపోతాయి. ఏటా సమాధుల పండుగ నాడు అందరూ గేటు బయటే వరసగా కొవ్వొత్తులు వెలిగించి, ముళ్ళ వంక చూస్తూ పాటలు పాడి, ఇళ్ళకు పోతున్నారు.

ఎలిజబెత్ భర్త మరియదాసును అక్కడ పెట్టిన ఏడాదే దారి మూసుకుపోయింది. ఆయన తలాపున ఒక్క పూట కూర్చోవాలని ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ మధ్యలో అంత కంప ఉంది.

ఈ ఏడు ఆమె ఊరుకోలేదు. భవానీపురంలో నర్సుగా పనిచేస్తున్న కూతురు కృప ఒక ఫోను నంబరు ఇచ్చింది. ఆటోనగర్‌లో జాకీర్ అనే ఆయనకు పొక్లెయిన్ ఉందట. దాని చేతికి మట్టి తవ్వే బకెట్ తీసేసి, ఇనప పళ్ళున్న డ్రమ్ము తగిలించాడట. అది చెట్టును కొన నుంచి మొదలు దాకా నమిలి పొట్టు చేసి పోస్తుందట. సంఘం పెద్దలు సరేనని, మాట్లాడే పని ఎలిజబెత్‌కే వదిలేశారు.

“ఏం తోటండీ?” అన్నాడు జాకీర్ ఫోనులో.

“మా తోటే బాబూ. తుమ్మ పట్టింది. కాస్త జాగర్తగా చెయ్యాలి, లోపల మావాళ్ళున్నారు.”

“మిషన్ దగ్గర మనుషులుండకూడదమ్మా. నేనొచ్చేసరికి అందర్నీ బయటికి పంపించెయ్యండి.”

ఎలిజబెత్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

“వాళ్ళెట్టా వస్తారు బాబూ?”

“ఎట్టా వెళ్ళారో అట్టాగే వస్తారు,” అన్నాడు జాకీర్. మేమే మోసుకెళ్ళామని ఆమె చెప్పేలోగా లైను తెగిపోయింది.

పండుగ రెండు రోజులుందనగా, పొద్దున్నే పొడుగాటి ట్రైలర్ మీద మిషన్ దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి జాకీర్‌కి. గేటు మీద సిలువ చూశాడు, గేటు బయట పక్కగా ఉన్న కొత్త సమాధులు చూశాడు, ఎలిజబెత్ వంక చూశాడు. లోపల ఉన్నారన్నవాళ్ళెవరని అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. వంద మందికి పైనే ఉన్నారంది. ఆమె తోడికోడలు బుల్లెమ్మ నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది. జాకీర్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“తెలిస్తే వచ్చేవాణ్ణి కాదమ్మా,” అన్నాడు. “మా నాన్నా కబరస్తాన్‌లోనే ఉన్నాడు. పక్కనించి నడవాలన్నా చూసి అడుగేస్తాం. ఇరవై టన్నుల ఇనుము మీవాళ్ళ మీదికి ఎట్టా ఎక్కించను?”

మరునాటికి అతను ఇంకోచోట పని ఒప్పుకుని ఉన్నాడు. ఆ తర్వాత నెల దాకా ఖాళీ లేదు. మిషన్‌ను మళ్ళీ ట్రైలర్ ఎక్కించడానికి అతను తిరుగుతుంటే, ఎలిజబెత్ ఆ మిషన్ చేతిని పైనుంచి కింద దాకా చూసి, అది ఎంత దూరం అందుతుందని అడిగింది. ఇరవై అడుగులు తేలిగ్గా అందుతుందన్నాడు.

“అయితే పెట్టె దారిలో నించుని చెయ్యి. పెట్టె మోసుకెళ్ళే దారి గేటు నించి చివరిదాకా ఉంది. ఇటుక ముక్కలు కొట్టి వేసింది. అందులో ఎవర్నీ పెట్టలేదు.”

“తిన్నగా ఉంటుంది బాబూ, తాడు పట్టినట్టు,” అంది బుల్లెమ్మ.

“తిన్నగా లేదు. స్టీఫెన్ మాస్టారి దగ్గర వంకర తిరుగుద్ది. ఆయన మనిషి మరీ పొడుగని గుంట దారిలోకి అడుగున్నర తవ్వారు. మరిచిపోయావా?”

బుల్లెమ్మకు గుర్తులేదు. ఇంకెవరికీ గుర్తులేదు. జాకీర్ తల గోక్కున్నాడు. మిషన్ నడిచే చైను కింద ఒక్క సమాధి అంచు తగిలినా దిగి వెళ్ళిపోతానని చెప్పి, అందరినీ గట్టు అవతలికి పంపాడు. చెక్కముక్కలు ఎగురుతాయి. ఆ మోతలో కేక వినపడదు కనక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎలిజబెత్‌కు ఫోను కలిపాడు.

డ్రమ్ము తిరిగింది. గేటు ముందున్న తుమ్మ ఒకసారి వణికి, పొట్టయి రాలింది. చైను కింద ఇటుక ముక్కలు నలుగుతున్నాయని జాకీర్ ఫోనులో చెప్పాడు. ఎలిజబెత్ గట్టు మీంచి లెక్కగా చెబుతూ పోయింది. కుడి పక్క మంత్రసాని శౌరమ్మ, పేటలో సగం మంది ఆమె చేతిలో పడ్డవాళ్ళే, నేలకు జానెడు పైనే ఆపు. ఎడం పక్క మా మరిది జయపాల్. బుల్లెమ్మ ఫోను మీదికి వంగి, మా ఆయనకు చెవుడు బాబూ, ఎంత మోతయినా పర్లేదంది. జాకీర్ ఒక్కొక్కరికీ సరేనండీ, సరేనండీ అంటూ చెయ్యి అటూ ఇటూ తిప్పాడు.

సగం దూరం పోయాక ఎలిజబెత్ ఆపమంది.

“ఇక్కడ కుడి పక్క మాస్టారు. కొంచెం ఎడమకి తిరుగు.”

“ఏం కనపడట్లేదమ్మా. కంపే ఉంది.”

“ఉన్నారు. తిరుగు.”

ఒక్క అడుగు తప్పు చెప్పినా ఈ ఏడు కూడా గేటు బయటే. జాకీర్ చైను ఆపి, డ్రమ్ము పైకెత్తి, కంపను పైపైన గీసినట్టు నమిలించాడు. పొట్టు సర్దుకున్నాక చైనుకు మూరెడు ముందు పాచిపట్టిన సిమెంటు అంచు తేలింది. దారిలోకి సరిగ్గా అడుగున్నర.

జాకీర్ కాబిన్‌లోంచి చెయ్యి బయటికి పెట్టి మాస్టారికి సలాం చేశాడు. గట్టు మీద ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బుల్లెమ్మ మాత్రం, ఆ తాడు కాస్త వదులైనట్టుందిలే అంది.

మూడు గంటలకల్లా చివరి సిలువ దాకా ఎండ పడింది. మిషన్ బయటికి రాగానే కొడవళ్ళతో కొందరు, ఉత్త చేతులతో కొందరు లోపలికి పరుగెత్తారు. పచ్చి చెక్క వాసన. ఇదిగో మా నాయనమ్మ అని ఒకరు, కాదు మా పెదనాన్న అని ఇంకొకరు, తిరణాలలో తప్పిపోయినవాళ్ళు దొరికినట్టు.

మాస్టారిని దాటాక ఎడమ వరసలో మూడోది మరియదాసుది. మట్టి కుంగిపోయింది. కొయ్య సిలువకు ఒక పక్క చెద తినేసింది, ‘మరియ’ వరకే మిగిలింది. ఎలిజబెత్ పొట్టు తుడిచి తలాపున కూర్చుంది. ఏడుపొస్తుందనుకుంది, మాటలొచ్చాయి. ఆయన పోయిన ఏడు గేదె ఈనడం దగ్గర మొదలుపెట్టింది. కృప ఉద్యోగం చెప్పింది, తుఫానుకు ఎగిరిపోయిన రేకులు చెప్పింది, తను ఒక్కతే నించుని కట్టించుకున్న గోడ చెప్పింది.

బుల్లెమ్మ వచ్చి, జాకీర్‌కు అన్నం పెడుతున్నారు, నువ్వు లేకుండా తిననంటున్నాడు, రా అక్కా అని పిలిచింది.

“ఉండవే,” అంది ఎలిజబెత్ తలతిప్పకుండా. “ఇంకా మూడేళ్ళవి ఉన్నాయి.”