రెండో డబ్బా

వలస వచ్చిన దేశంలో శాశ్వత నివాసానికి వైద్య పరీక్ష కోసం తోటికోడళ్లిద్దరూ ఒకే రోజు వెళ్లారు. చిన్నావిడ లీటరు సీసా ఎత్తి గటగటా తాగేస్తుంటే పెద్దావిడ గుడ్లప్పగించి చూసింది. కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే ఆమెకు రోజంతటికీ మూడు గ్లాసులే గతి. ఇద్దరూ ఒకే లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతారు. ఈ చిన్నదానికి జలుబైనా చేయదు!

నర్సు చెరో డబ్బా ఇచ్చి మూత్రం పట్టి తెమ్మంది. జబ్బు బయటపడితే పెద్దావిడ దరఖాస్తు తిరగ్గొడతారని ఇంటిల్లిపాదికీ బెంగ.

బాత్రూము దగ్గర చిన్నావిడ గుసగుసలాడింది. “అక్కా, నీ డబ్బా ఇటివ్వు. ఇద్దరికీ నేనే నింపేస్తా. ఇది బాగుంటే ఇంక రక్తం అడగరట.”

పెద్దావిడ చెయ్యి సగం దాకా చాచింది. అంతలో ఆ నిగనిగలాడే మొహం చూసి ఒళ్లు మండింది. రేపు కాగితాలొస్తే, “అంతా నా చలవే” అని బతికున్నన్నాళ్లూ పదిమందిలో చెప్పుకోదూ?

“నీ వైభోగం నువ్వే ఉంచుకో తల్లీ,” అని తలుపేసుకుంది.

చాలాసేపటికి రెండు చెంచాలు వచ్చాయి. డబ్బా నర్సుకిచ్చి, దరఖాస్తు ఫారంలో జబ్బుల గురించి అడిగినచోట తాను ఖాళీగా వదిలేసిన గడిలో ‘కిడ్నీ జబ్బు ఉంది’ అని రాసింది.

“దాచకుండా చెప్పారు, మంచిపని చేశారు,” అంది నర్సు.

పెద్దావిడ కిమ్మనకుండా ఆ మెప్పు పుచ్చుకుంది.