వాలు మీద ఇల్లు

అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఎవరైనా గాలి వస్తుందా, వెలుతురుందా, నీళ్ళున్నాయా అని చూస్తారు. మా ఆయన శాంతికుమార్ జేబులోంచి గోళీ తీసి వీధిలో పెట్టి, అది ఎంత జోరుగా దొర్లుతుందో చూశారు. తార్నాకలో ఒక ఇంటి గడప ముందు పెట్టిన గోళీ వీధి మలుపు దాకా ఆగకుండా పోయింది. "ఇదే మన ఇల్లు, ఎస్తేరూ" అన్నారు. నేను అప్పటికింకా వంటగది కూడా చూడలేదు.

దీనికంతటికీ కారణం మా కారు. యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పే లెక్చరరుకు కారు ఉండటమే వింత, అందులోనూ అది రెండు సీట్ల స్పోర్ట్సు కారు. బొల్లారంలో ఎవరో తెల్ల మేజరు దేశం విడిచిపోతూ వదిలేసి పోయిందట. ఎర్ర రంగు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. పెళ్ళికి ముందు కడుపు మాడ్చుకుని కొన్నారు. పొద్దున్నే వీధంతా లేచేలా అరిచి బయల్దేరుతుంది కాబట్టి ఇరుగుపొరుగు దాన్ని పుంజు అనేవారు. దానికి సెల్ఫు స్టార్టరు పని చెయ్యదు. మెట్టుగూడ మెకానిక్కు మొగిలి రెండు నెలలు దగ్గర పెట్టుకుని, లోపల పళ్ళ చక్రం అరిగిపోయింది, ఇంగ్లండు నుంచి తెప్పించుకోవాల్సిందేనని చేతులెత్తేశాడు. బండి ముక్కు కింద హ్యాండిల్ పెట్టి ఇంజను తిప్పబోతే అది వెనక్కి తన్ని ఆయన మణికట్టు విరిగింది. ఆ హ్యాండిల్‌ను నేను పాత ఇనుము వాడికి వేసి ఉల్లిపాయలు తీసుకున్నాను. ఇక మాకు మిగిలింది వాలు ఒక్కటే.

ఆరేళ్ళుగా మా పొద్దుటి కార్యక్రమం ఇది. నేను స్టీరింగు ముందు కూర్చుంటాను, ఆయన వెనక నుంచి తోస్తారు. బండి రెండో కరెంటు స్తంభం దాటగానే నేను క్లచ్చి సగం వదిలి, మనసులో ఒక్క ఆమేన్ అనుకునేంత సేపు ఆగి, మిగతా సగం వదులుతాను. పుంజు కూస్తుంది. మలుపు దగ్గర ఆపి, ఇంజను చచ్చిపోకుండా యాక్సిలరేటరు తొక్కుతూ ఉంటే ఆయన రొప్పుకుంటూ వస్తారు. నేను పక్క సీట్లోకి జరుగుతాను. ఆయన ఎక్కి, జుట్టు సవరించుకుని, నన్ను నేను పనిచేసే బడి దగ్గర దింపి, దొరలాగా కాలేజీకి పోతారు. సాయంత్రం అక్కడ కుర్రాళ్ళు తోస్తారు. క్యాంపస్‌లో కాలేజీ ముందు వాలు ఎంత పొడుగంటే, గాడిదను కూర్చోబెట్టినా బండి స్టార్టవుతుంది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. వాలు పైన ఉన్న ఇల్లంటే కొళాయికి నీళ్ళు ఎక్కని ఇల్లు. మేం కొళాయి అంటాం, ఇక్కడివాళ్ళు నల్లా అంటారు. పేరేదైనా మా ఇంట్లో అందులోంచి వచ్చేది గాలే. వీధి దిగువన ఉన్నవాళ్ళకి ధార, మాకు బుసబుస. రోజూ ఎనిమిది బిందెలు కింది నుంచి పైకి మోశాను. ఆయన సాయం చెయ్యలేదని అనను. రెండు బిందెలు తెచ్చేవారు, అందులో ఒక బిందె వీధికి పోసేవారు.

అరవై ఎనిమిదిలో, నాలుగేళ్ళుగా జాబితాలో నానుతున్న మా పేరు పైకి వచ్చి, క్యాంపస్‌లో క్వార్టరు మంజూరైంది. సోమవారం సాయంత్రంలోగా సమ్మతి రాసివ్వాలి, లేకపోతే తర్వాతి పేరుకు పోతుంది. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో కొళాయి. ఆ కొళాయిలో పొద్దస్తమానం నీళ్ళు. కాగితం చదివి నేను మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నేను కళ్ళు తెరిచేసరికి ఆయన గోళీ తీసుకుని వెళ్ళిపోయారు.

తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "నాలుగు చోట్ల పెట్టాను, ఎస్తేరూ. కదల్లేదు" అన్నారు, ఎవరో పోయారన్నట్టు. ఆ క్వార్టర్ల వరసంతా పలకలాగా చదునట, కాలేజీ ముందున్న వాలేమో అక్కడికి మైలున్నర దూరమట. చదును నేల మీద ఆ బండిని ఉరికించాలంటే నలుగురు మగాళ్ళు కావాలి. చుట్టుపక్కల ఉండేది రీడర్లు, ప్రొఫెసర్లు. మొదటి రోజు మర్యాదకు తోస్తారు, రెండో రోజు మమ్మల్ని చూసి తలుపులు వేసుకుంటారు.

కాబట్టి బండి ఉంటే క్వార్టరు లేదు, క్వార్టరు కావాలంటే బండి అమ్మాలి. ఏం చేద్దామండీ అని అడిగితే ఆయన "నీ ఇష్టం" అన్నారు. మొగుళ్ళు అనే మాటల్లో ఇంతకంటే దుర్మార్గమైనది లేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. నీ ఇష్టం అనేసి, చిరిగిన బనియనుతో ఆ బండి ముక్కు తుడుస్తూ కూర్చునే మనిషిని ఏమని తిట్టను? రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు నా ఇష్టమే అయితే అమ్మేద్దాం అన్నాను. ఆయన తలూపారు. ఆ పూట చేపల పులుసు వండితే వట్టి పులుసుతో రెండు ముద్దలు తిని లేచారు. నాకు జాలి వేసింది, దాని వెనకే ఒళ్ళు మండింది. నా నడుము కోసం ఆయన ఒక్క పూటైనా అన్నం మానేశారా?

మా ఇంటి యజమానురాలు భారతమ్మకు తమ్ముడి వరస వెంకటనర్సయ్య. మల్కాజ్‌గిరిలో ఆయనకు కట్టెల డిపో ఉంది. కొడుకు బరాత్‌లో పెళ్ళికొడుకు ఊరందరికీ కనపడేలా టాపు లేని కారు కావాలని వెతుకుతున్నాడట. శనివారం మధ్యాహ్నం వచ్చాడు. భారీ మనిషి, తెల్ల ధోవతి, నోట్లో పాన్.

నేను సండేస్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, అబద్ధమాడి సరుకు అంటగట్టలేను. సెల్ఫు లేదని చెప్పాను, హ్యాండిల్ లేదని చెప్పాను, వానొస్తే టాపు కారుతుందని కూడా చెప్పాను. నేను ఒక్కో లోపం చెబుతుంటే పక్కన మా ఆయన ముఖం ఒక్కో వత్తి వెలిగించినట్టు వెలిగింది. వెంకటనర్సయ్య అంతా విని నవ్వాడు.

"గంతేనా అమ్మా? మా డిపోల పదిమంది హమాలీలున్నరు. తొయ్యమంటె ఇల్లునన్న తోస్తరు."

వత్తులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

తానే నడిపి చూస్తానని వెంకటనర్సయ్య ఎక్కాడు. ఇరవై ఏళ్ళ నుంచి లారీ నడుపుతున్న కాలు అది. మా ఆయనా ఇద్దరు పొరుగువాళ్ళూ తోశారు. రెండో స్తంభం దగ్గర వెంకటనర్సయ్య క్లచ్చిని ఠపీమని వదిలాడు. బండి ఒక్క గెంతు గెంతి చచ్చిపోయింది. దిగువ నుంచి మళ్ళీ ఎగువకు తోసుకొచ్చారు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. అరుగు మీద కూర్చున్న భారతమ్మ, అది లారీ కాదు, జర మెల్లగ అని చెబుతూనే ఉంది. పొరుగువాళ్ళకు ఉన్నట్టుండి ఇళ్ళల్లో పనులు గుర్తొచ్చాయి.

"నాతోని అయితలేదు. మీరు నడిపి చూపియ్యుండ్రి సారూ" అన్నాడు వెంకటనర్సయ్య, దిగి తానే తోయడానికి వెనక్కి పోతూ.

మా ఆయన ఎక్కారు. స్తంభం దాటింది, క్లచ్చి వదిలారు, బండి దగ్గి ఆగిపోయింది. ఇంకోసారి తోస్తే ఇంకోసారి దగ్గింది. అప్పుడు ఆయన ముఖం చూశాను. పాపం, ఆరేళ్ళలో ఆ వీధిలో ఆ బండిని ఆయన ఒక్కసారీ స్టార్ట్ చెయ్యలేదు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే తెలిసింది. ముగ్గురూ నా వైపు చూశారు.

నేను కొంగు బిగించి ఎక్కాను. వాళ్ళిద్దరూ తోశారు. రెండో స్తంభం, సగం క్లచ్చి, ఆమేన్, మిగతా సగం. పుంజు కూసింది. మలుపు దగ్గర ఎప్పటిలా ఆపి, యాక్సిలరేటరు తొక్కుతూ అద్దంలో చూశాను. మా ఆయన వీధి మధ్య చతికిలబడి డొక్క పట్టుకుని రొప్పుతున్నారు. వెంకటనర్సయ్య కండువాతో విసురుతున్నాడు. ఎవరూ వచ్చేలా లేరు. ఇంజను గుటకలు వేయడం మొదలుపెట్టింది.

ఆగితే చచ్చిపోతుందని కదిలాను అన్నది సాకు. అసలు సంగతి చెబుతాను. ఆరేళ్ళుగా ఆ బండికి నేను నలభై గజాల డ్రైవర్ని. మలుపు రాగానే పక్కకు జరగడమే నా పని. ఆ పూట పక్కకు జరగాలనిపించలేదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఆయన చెయ్యీ కాలూ చూస్తూనే ఉన్నాను కదా, గేరు వేసి ఎడమకు తిప్పాను. లైసెన్సు సంగతి అడక్కండి.

పెద్దరోడ్డు మీదికి వచ్చేసరికి కొంగు జెండాలాగా ఎగిరింది. మా చర్చి సంఘ పెద్ద దానియేలు గారు సైకిలు మీద ఎదురొచ్చారు. నన్ను చూసి సైకిలు దిగి, శవయాత్రకు దారిచ్చినట్టు పక్కన నిలబడ్డారు. నాకు నవ్వు ఆగలేదు. ఎంత హాయిగా ఉందో! ఈ సుఖాన్ని ఆ మనిషి ఇన్నేళ్ళూ ఒక్కడే అనుభవించాడా అని కోపం కూడా వచ్చింది.

యూనివర్సిటీ గేటు దాటాక నాకు తెలిసిన దారి మా క్వార్టరుకే. ఆగకూడదు కాబట్టి ఆ వరస చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒక ప్రొఫెసరు గారు మూడుసార్లూ నమస్కారం పెట్టారు. నాలుగోసారి దారి తప్పి వెనక సందులోకి తిప్పితే రోడ్డు పైకెక్కింది. ఎక్కి ఎక్కి, పైన ఒక స్తంభాల కట్టడం నీడలో పుంజు ప్రాణం విడిచింది. హ్యాండు బ్రేకు లాగి, అలవాటు కొద్దీ చక్రాల కింద రాళ్ళు పెట్టాను.

నడిచి కిందికి దిగి, ఖాళీగా ఉన్న మా క్వార్టరు పెరట్లోకి వెళ్ళాను. గొంతెండిపోయింది. కొళాయి తిప్పాను. ఒక్కసారిగా నీళ్ళు ఎగదన్ని నా ముఖం, జాకెట్టు, చీర అన్నీ తడిపేశాయి. అంత జోరు ధార నేను హైదరాబాదు వచ్చాక చూడలేదు. ఆరేళ్ళు బిందె మోసినదాన్ని, నీళ్ళకు ఆ జోరు ఊరికే రాదని నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఎక్కడో నెత్తి మీద ఎత్తుండాలి. కళ్ళు తుడుచుకుని తలెత్తి చూశాను. ఇళ్ళ వెనక మిట్ట. మిట్ట మీద స్తంభాల మీద నీళ్ళ ట్యాంకు. ట్యాంకు కింద ఎర్రగా మా బండి.

గోళీ పెట్టి చూసిన మనిషి ఇంటి ముందే చూశాడు గానీ ఇంటి వెనక చూడలేదు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కాసేపటికి, ఎర్ర బండి ఎటు పోయిందని దారి పొడుగునా అడుగుతూ, మా ఆయనా వెంకటనర్సయ్యా సైకిలు రిక్షాలో వచ్చి దిగారు. బండి ఏదని అడుగుతారనుకున్నాను. మా ఆయన నిలువునా తడిసిన నన్ను చూసి, కారుతున్న కొళాయిని చూసి, "నీళ్ళొస్తున్నాయా ఎస్తేరూ?" అని అడిగారు. తర్వాత నెమ్మదిగా, బేరం ఒప్పేసుకున్నానని, వెంకటనర్సయ్య గారికి మాట ఇచ్చేశానని చెప్పారు. ఆ చెప్పడంలో మొదటిసారి నీ ఇష్టం అన్న మాట లేదు. ఆ మనిషి మీద నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"మాట నేను వెనక్కి తీసుకుంటాను" అన్నాను వెంకటనర్సయ్యతో. "బండి అమ్మటం లేదండీ." వేలెత్తి ట్యాంకు చూపించాను. మా ఆయన చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ట్యాంకును చూశారు. జేబులో ఉన్న గోళీని చేత్తో తడుముకోవడం నాకు కనిపించింది.

వెంకటనర్సయ్య పాన్ ఉమ్మేసి, చేతులు కట్టుకుని అన్నాడు. "నేను గూడ రిక్షాల గదే అనుకుంట వచ్చిన బిడ్డా. నువ్వు లేకుంటే గా బండి వట్టి ఇనుము. పెండ్లినాడు బండి పంపియ్యి, జీతమిచ్చి గాదు, చీర వెట్టి పిలుస్త. గాని నువ్వే నడుపాలె."

ఆలోచించి చెబుతానన్నాను. ఆయన అదే రిక్షాలో వెళ్ళిపోయాడు.

మిట్ట ఎక్కి, చక్రాల కింద రాళ్ళు తీసేశాను. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, మా ఆయన తోశారు. అక్కడ కరెంటు స్తంభాలు లేవు, ఆమేన్ చాలింది. పుంజు కూసింది. మిట్ట దిగాక ఆపి, యాక్సిలరేటరు తొక్కుతూ ఉంటే ఆయన రొప్పుకుంటూ వచ్చి, కుడి పక్క తలుపు పట్టుకుని, నేను జరగడం కోసం నిలబడ్డారు.

"అటు వైపు ఎక్కండి" అన్నాను.

ఆయన బండి ముందు నుంచి చుట్టూ నడిచి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నారు.