మొగోష్ తన్నిన పళ్ళెం

సిల్వియు మొగోష్ గురించి ముందు చెప్పాలి. వాడు మా వీధివాడే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పుట్టాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసి కాలువ పంపు షెడ్డులో చేరిన ఏడాది వాడు పట్నం వెళ్ళాడు. చదువుకుని తిరిగొచ్చి మా నోటికాడి కూడు లాక్కున్నాడు. చదువుకునే పిల్లలూ, ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలూ, ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

డాన్యూబ్ నది ఎండి ఇసుక తేలాక ధాన్యం కొట్లన్నిటినీ సర్కారు వాడి చేతిలో పెట్టింది. ముంజేతికి పట్టీ ఉన్నవాడికే రొట్టె అన్నాడు వాడు. ఏటా ఆగస్టులో పదహారు నిండిన పిల్లలను కట్ట మీద నిలబెట్టి, వాళ్ళ బరువులో సగం ఇసుక మూట వీపున పెట్టి రెండు కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. చివర వచ్చిన పదిమంది పట్టీలు కోసేసేవాడు. "పనికొచ్చే చేతులకే తిండి, మిగులు నోళ్ళకు లేదు" అనేది వాడి మాట. మిగులు నోటికి ముద్ద పెట్టిన ఇంటికీ పట్టీలుండవు. ఆ పిల్లలు మూడు వారాలు గోడలు పట్టుకుని తిరిగేవాళ్ళు. నాలుగో వారం, అమ్మానాన్నల మీదికి తేవడం ఇష్టం లేక, నది దాటి పనులు వెతుక్కుంటామని ఇసుకలోకి నడిచిపోయేవాళ్ళు. నాలుగేళ్ళలో నలభైమంది వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. 'వలస వెళ్ళారు' అని మొగోష్ రిజిస్టర్‌లో రాయించాడు.

ఆ ఏడు నా కూతురు సఫ్తా వంతు. ఆ రోజు పరిగెత్తిన నలభైమందిలో ముప్పయ్యొకటోదిగా వచ్చింది. ఒక్క అడుగు తేడా.

మొగోష్ గుడారం నీడన కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు. పశువుల చెవి బిళ్ళలు కోసే కత్తెర తీసుకుని తనే లేచి వచ్చాడు.

"పంపు షెడ్డు సిమియోన్ కూతురివి కదూ? మీ నాన్నకేం, గట్టివాడు. నీకే తిండి సరిగ్గా పెట్టినట్టు లేడు."

"ఆ మూట నువ్వెత్తుకో మామా," అంది సఫ్తా, ఇంకా రొప్పుతూనే. "పది అడుగులు నడిచి చూపించు. నా పట్టీ నేనే కోసుకుంటా."

కాపలావాళ్ళలో ఎవడో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. మొగోష్ చేతులు తుడుచుకుని పట్టీ కోశాడు.

నేనేం చేశాను? టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా పక్కన అలాగే టోపీలు పట్టుకుని పాతికమంది తండ్రులు. మా అందరి చేతుల్లో బలం ఉంది, ఒక్కడి చెయ్యి కూడా లేవలేదు. ఆ రోజు తలుచుకుంటే మొగోష్ కంటే ముందు నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

గురువారం సాయంత్రం ఊరంతా డాన్సు హాలులో చేరింది. ట్రాక్టర్ మెకానిక్ డ్రగోమిర్ బల్ల ఎక్కాడు.

"కొట్టు తలుపులు బద్దలు కొడదాం. ఇంకెన్నాళ్ళు?"

"ఎలా? తుపాకుల ముందా?" ఎవరో వెనక నుంచి అరిచారు. "అర్జీ రాద్దాం."

"నాలుగు అర్జీలు రాశాం కదరా! పుచ్చకాయ చెయ్యి తుడుచుకోడానికి పనికొచ్చుంటాయి!"

సఫ్తా లేచింది. "మీరు నేను చచ్చాక తీరిగ్గా పోట్లాడుకోండి. రేపు నేనేం తినాలో ముందు చెప్పండి."

అప్పుడు వెటా పెద్దమ్మ కర్ర నేలకేసి కొట్టింది. ఎనభై దాటిన మనిషి.

"శనివారం నా మొగుడి పొమానా. చచ్చినోడి పేరున పెట్టే పళ్ళెం ఎవరికి పెట్టాలో నా ఇష్టం. చచ్చినవాళ్ళ కూడు లెక్కలోకి రాదని మొగోష్ గాడి ఉత్తర్వు కాగితంలోనే ఉంది. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడే రాయించుకున్నాడు. ఈ పదిమందికి పెడతా. ఏం చేస్తాడో చేసుకోమను."

"ఒక్క శనివారం గడుస్తుంది. తర్వాత?" అన్నాడు డ్రగోమిర్.

"మన శ్మశానం నిండిపోయిందిరా అబ్బాయ్, వారానికొకరి పేరున పెడతాం. చచ్చినవాళ్ళకు కూడా కరువొచ్చిందా?"

నాలుగేళ్ళలో మొదటిసారి ఆ హాలులో జనం నవ్వారు. సఫ్తా మాత్రం నవ్వలేదు.

"శ్మశానంలో ఉన్నవాళ్ళ పేరున కాదు పెద్దమ్మా. ఇసుకలోకి వెళ్ళిన నలభైమంది పేరున పెడదాం. ఒక్కో పళ్ళానికి ఒక్కో పేరు."

కిటికీ దగ్గర స్తాంకా లేచింది. ఆమె కొడుకు లికా మొదటి ఏడే వెళ్ళాడు. ఇప్పటికీ భోజనాల బల్ల మీద వాడి చెంచా పెట్టే ఉంచుతుంది.

"నా కొడుకు చచ్చాడని ఎవతె చెప్పింది నీకు?" అంది. "పొమానా పెడితే చచ్చాడని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు కాదూ? నీ కడుపు నిండడానికి నా కొడుకుని చంపమంటావా?"

సఫ్తా ఆమె వైపు తిరిగింది. "చంపింది నువ్వు కాదు అత్తా. చచ్చాడని మనం అననంత కాలం, చంపినవాడు లేనట్టే కదా."

స్తాంకా తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. ఆమె వెనకే మరో ఐదారుగురు తల్లులు వెళ్ళారు. నేను ఇంటికి పోయి విత్తనానికి దాచిన గోధుమలు మూడు బస్తాలూ బండి మీద వేశాను. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు.

శనివారం శ్మశానం గోడ వెంబడి బల్లలు వేశాం. ఉడికించిన గోధుమల్లో తేనె, అక్రోటు పప్పు కలిపాం. బీన్స్ పులుసు, మొక్కజొన్న ముద్ద, ఉల్లిపాయలు. ఒక్కో పళ్ళెంలో ఒక కొవ్వొత్తి. పదిమంది పిల్లలు కూర్చున్నారు. పళ్ళెం ఇచ్చేటప్పుడు పోయినవాళ్ళ పేరు చెప్పాలి. అందుకునేవాళ్ళు 'దేవుడు క్షమించుగాక' అనాలి. అలా అంటూనే ఆకలికి ఆగలేక తిన్నారు. వాళ్ళు తింటుంటే చూడలేక కొందరు గోడవైపు తిరిగారు.

కాపలావాళ్ళు ఆరుగురు వచ్చారు. ముందు పవెలిక. ఊరివాడే.

"ఆపండి. మిగులు నోళ్ళకు..."

"నీ చెల్లెలి పేరున కూడా ఉందిరా పళ్ళెం," అంది వెటా పెద్దమ్మ. "నువ్వు రావేమో, ఎవరికి పెట్టాలా అనుకుంటున్నా."

పవెలిక చెల్లెలు రెండేళ్ళ కిందట వెళ్ళింది. పొమానా పళ్ళెం వద్దన్నవాడు మా దేశంలో ఇంకా పుట్టలేదు. వాడు తుపాకీని గోడకానించాడు. టోపీ తీశాడు. 'దేవుడు క్షమించుగాక' అని తలొంచుకుని తిన్నాడు. మిగతా ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చేతులు చాపారు.

అప్పుడొచ్చింది మొగోష్ కారు.

"ఏంటీ నాటకం?" అన్నాడు దిగుతూనే. "ఎవరు చచ్చారని ఈ కొవ్వొత్తులు? వాళ్ళు వలస వెళ్ళారు. రిజిస్టర్‌లో ఉంది."

జనం వెనక నుంచి దారి చీలింది. స్తాంకా వస్తోంది. నల్ల రుమాలు కట్టుకుంది. నాలుగేళ్ళలో ఆమె తల మీద నలుపు చూడటం అదే మొదలు. చేతిలో పళ్ళెం, కొవ్వొత్తి, గోధుమల్లో గుచ్చిన చెంచా. తిన్నగా వచ్చి మొగోష్ ముందు ఆగింది.

"నా కొడుకు లికా పేరున. తీసుకో సిల్వియూ."

"లికా వలస వెళ్ళాడమ్మా."

"తీసుకో. దేవుడు క్షమించుగాక అను. అంతే."

వాడు అనలేడు. అంటే లికా చచ్చినట్టు. లికా చస్తే నలభైమందీ చచ్చినట్టు. చుట్టూ మూడువందల మంది చూస్తున్నారు, సొంత కాపలావాళ్ళు నోట్లో ముద్ద పెట్టుకుని చూస్తున్నారు. ఆమె పళ్ళెం ఇంకా ముందుకు జరిపింది. వాడు బూటు కాలితో తన్నాడు.

గోధుమలు దుమ్ములో పడ్డాయి. వెటా పెద్దమ్మ బల్ల మీది మరో పళ్ళెం తీసి వాడి ముందుకు చాపింది. పవెలిక తన పళ్ళెం చాపాడు. "సందా," అన్నాడు చెల్లెలి పేరు. డ్రగోమిర్ చాపాడు. నేను చాపాను. ఒక్కొక్క పేరూ గట్టిగా చెబుతూ అడుగు ముందుకేశాం. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మేం మళ్ళీ ముందుకేశాం. చేతిలో కర్ర లేదు, రాయి లేదు, పళ్ళేలే. వీపు కారుకి తగిలేదాకా వెనక్కి నడిచాడు.

"చెప్పరా! క్షమించమని చెప్పు!" అని సఫ్తా అరిచింది.

కారు వెళ్ళిపోయింది.

ఆదివారం వాడు ఉత్తర్వు కాగితంలోంచి చచ్చినవాళ్ళ కూడు గురించిన ఆ ఒక్క ముక్క కొట్టేయించాడు. సోమవారం పట్నం నుంచి కొత్త కాపలావాళ్ళు లారీలో వచ్చి సఫ్తానూ, మిగతా తొమ్మిదిమంది పిల్లలనూ, పవెలికనూ ఎక్కించుకుపోయారు. లారీ కదిలేటప్పుడు నా కూతురు ఏడవలేదు. "నాన్నా, జైల్లోనైనా రొట్టె పెట్టాలి కదా, వీళ్ళ చట్టమే!" అని అరిచింది. నిజమే. మిగులు నోరని కోసేసిన పిల్లకు సర్కారు ఇప్పుడు రోజుకు మూడువందల గ్రాముల రొట్టె పెడుతోంది. తరవాతి శనివారం కాలువ వెంబడి ఏడు ఊళ్ళలో బల్లలు వేశారు. కాగితంలో ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. వాళ్ళ దగ్గరా ఇసుకలోకి వెళ్ళిన పేర్లున్నాయి.

పొమానాకి వండిన గోధుమలు ఎవరివని మొగోష్ మనుషులు అడిగితే నావని చెప్పాను. భూమి జప్తు కాగితం తెచ్చారు. చదివి, సంతకం పెట్టాను. కాలువ పంపు నుంచి రైలు కట్ట దాకా, మా తాత చదును చేసిన నేల, రెండు హెక్టార్ల పదిహేడువందల చదరపు మీటర్లు.