నేను టేపు మింగిన రోజు

నేను ఒక టేపు రికార్డరును. రెండు స్పీకర్లు, ఆరు మీటలు, మోసుకెళ్ళడానికి పైన ఒక పిడి. రేడియో కూడా ఉండేది గాని, ఏరియల్ విరిగాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాలో ఒక చెడ్డ గుణం ఉంది, అది ముందే చెప్పేస్తాను. నాకు కుళ్ళెక్కువ. యంత్రానికి కుళ్ళేమిటని మీరు నవ్వవచ్చు. ఇన్నేళ్ళు మనుషుల మధ్య బతికినదాన్ని, వాళ్ళ దగ్గర కాక ఇంకెక్కడ నేర్చుకుంటాను?

నన్ను నోయిడాలో ఒక కర్మాగారంలో బిగించారు. అక్కణ్ణుంచి లారీలో చీరాల బజారుకొచ్చాను. పక్కనే ఉన్న పేరాలలో మగ్గం నేసే గంగరాజు నన్ను కొని తన మగ్గం పక్కనే గూట్లో పెట్టుకున్నాడు. మగ్గం కింది గుంటలో కాళ్ళాడిస్తూ, నా పాట దరువుకే పోగు నింపిన నాడెను అటూ ఇటూ విసిరేవాడు. పాట ఆగితే నేత ఆగేది. ఆ ఇల్లు నా మీదే నడుస్తోందనుకునేదాన్ని. తరవాత ఒకనాడు రంగుల టీవీ వచ్చింది. దాని మీద లేసు గుడ్డ కప్పారు. నా మీద ఎన్నడైనా జేబురుమాలైనా కప్పారా? వారం తిరక్కుండా గంగరాజు నన్ను హైస్కూలుకి అమ్మేశాడు. బళ్ళో ఇంగ్లీషు పాఠాల క్యాసెట్లు అప్పటికే నాలుగు వచ్చి ఉన్నాయట. వాటిని వినిపించే యంత్రం మాత్రం లేదట. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయి.

అక్కడే జీవరత్నం టీచర్ని మొదటిసారి చూశాను. అప్పుడావిడకి ముప్ఫై దాటింది. మనిషి పొట్టి, నడక చురుకు. పెళ్ళి చేసుకోలేదు. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు టీచరైంది. మొదట్లో పాఠం ఆవిడే చదివేది, నన్ను చివరి పది నిమిషాలకే వాడేది.

ఒకరోజు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆవిడ సంతలో కూరగాయల పాఠం చదువుతూ ‘వెజిటేబుల్’ అంది.

"ఏవమ్మా, కూరగాయలు టేబుల్ మీద పెట్టారా?" అన్నాడాయన.

నలభై ఎనిమిది మంది పిల్లలూ ఒక్కసారిగా నవ్వారు. టీచరు కూడా నవ్వింది గాని ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాటి నుంచి పాఠమంతా నాదే. క్యాసెట్లో ఒక దొరసాని గొంతు ఉండేది, గాజు గ్లాసుని చెంచాతో కొట్టినట్టు. దొరసాని చదివేది, టీచరు తెలుగులో అర్థం చెప్పేది. ఇరవై మూడేళ్ళు అలా గడిచాయి. ఆవిడ సిగ్గే నా పెద్దరికమైంది. బళ్ళో పాత సామాను వేలం వేసినప్పుడు నా కోసం చెయ్యెత్తింది ఆవిడొక్కతే. నన్ను ఇంటికి తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టుకుంది, పొద్దున్నే బడికి మోసుకెళ్ళేది. ఇక నాకు పోటీ ఎవరూ లేరనుకున్నాను.

యాభై ఆరో ఏట ఆవిడ ముందస్తుగా రిటైర్మెంటుకి దరఖాస్తు పెట్టింది. విదేశాల్లో ఇంగ్లీషు నేర్పేవాళ్ళకి హైదరాబాదులో నాలుగు వారాల శిక్షణ ఉందనీ, అందులో చేరతాననీ హెడ్మాస్టరుతో చెప్పింది. అప్పుడు నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను.

"ఏంది టీచరుగారూ, ఈ వయసులో విమానమెక్కి పాఠాలా? మన ఇంగ్లీషు అక్కడ ఎవరింటారు?"

"అదే తెలుసుకుందామని సార్. ఇన్నేళ్ళూ కష్టమొచ్చిన చోటల్లా తెలుగులోకి దూకేశా. తెలుగు రాని పిల్లలకి ఒక్కసారి పాఠం చెప్పి చూడాలి. అప్పుడు గాని నాకు ఇంగ్లీషొచ్చో రాదో తెలియదు."

ఆయన నవ్వాడు. నేను కూడా లోపల నవ్వుకున్నాను. మాట్లాడేది నేను కదా, ఈవిడకి తెలియాల్సిందేముంది?

హైదరాబాదు తార్నాకలో శిక్షణ. నన్నూ, క్యాసెట్లనూ వెంట తీసుకెళ్ళింది. చేరినవాళ్ళు పద్నాలుగు మంది. ఆవిడ తరవాత పెద్దవాడికి ముప్ఫై మూడు. నేర్పే ఆమె పేరు అలెమ్లా, నాగాలాండ్ అమ్మాయి. టీచరుకన్నా ఇరవై నాలుగేళ్ళు చిన్నది. ఆమెను ‘మేడమ్’ అనకుండా పేరు పెట్టి పిలవడానికి టీచరుకి వారం పట్టింది. పగలు పాఠాలు వినడం, సాయంత్రం వంతులవారీగా పాఠం చెప్పడం. ఆ సాయంత్రం తరగతికి వచ్చేవాళ్ళెవరికీ తెలుగు రాదు. చదువుకోడానికొచ్చిన విదేశీ కుర్రాళ్ళు కొందరు. ఊళ్ళో ఆసుపత్రుల్లో వైద్యానికొచ్చినవాళ్ళ తాలూకు బంధువులు ఇంకొందరు.

మొదటిరోజు టీచరు దొరసానిని వినిపించి, ఎప్పటిలాగే వాళ్ళవైపు తిరిగి "అర్థమైందా?" అంది. పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ మళ్ళీ నా మీటే నొక్కింది. మూడు పాఠాలూ అంతే. అలెమ్లా మెల్లగానే చెప్పింది, కానీ సూటిగా చెప్పింది: "మీరు ఆ పెట్టె వెనక దాక్కుంటున్నారు. ఇలా అయితే నేను మిమ్మల్ని పాస్ చెయ్యలేను. చివరి పాఠం ఒక్కటే మిగిలింది."

ఆ మాటకి నాకెంత సంతోషమైందో! ఫెయిలైతే ఇంటికి పోతాం. మళ్ళీ మంచం పక్కన నేను.

హాస్టల్ గదిలో టీచరు పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఆవిడతోపాటు గదిలో ఉండేది అఖిల. అదే శిక్షణకొచ్చిన కరీంనగర్ పిల్ల, ఇరవై నాలుగేళ్ళది. ఆ పిల్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. దాని ఫోనులో ఒక దొరసాని కాదు, వందమంది ఉన్నారు.

"నేను పోతానమ్మాయ్," అంది టీచరు. "ఈ గొంతు ఇంతే. నా మాట నాకే నచ్చదు."

"మీ మాట మీరు ఎప్పుడన్న విన్నరా ఆంటీ?"

టీచరు మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది.

"ఇనకుండనే నచ్చదంటే ఎట్ల? ఈ డబ్బాల రికార్డింగ్ లేదా?"

డబ్బా! ఆ మాటకే నేను మండిపోతుంటే, ఆ పిల్ల రెండో క్యాసెట్ తీసి, ఎవరూ దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యకుండా అంచున విరగ్గొట్టిన చిల్లుల మీద ప్లాస్టరు అతికించి నాలో పెట్టింది. రైల్వే స్టేషన్ సంభాషణల క్యాసెట్ అది. మర్నాడు తెల్లవారుజామున టీచరు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, ఇరవై మూడేళ్ళలో ఎవరూ నొక్కని ఎర్రమీట నొక్కింది. దొరసాని గొంతు చెరిగిపోతుంటే నాకు తెలుస్తూనే ఉంది. దాని మీద చీరాల గొంతు ఎక్కుతోంది. ‘గుడ్ మార్నింగ్. మై నేమ్ ఈజ్ జీవరత్నం. ఐ యామ్ ఫ్రమ్ చీరాల. ఇట్ ఈజ్ నియర్ ద సీ.’ ఆ గొంతును నా కడుపులోనే మోయాల్సి వచ్చింది.

ఆవిడ వింది. మొహం చిట్లించింది. వెనక్కి తిప్పి మళ్ళీ చెప్పింది. వారం రోజులు, రోజూ పొద్దున్నే, ఒక వైపంతా నిండేదాకా. ఆరో రోజున తన మాట తను వింటూ ఆవిడ చిన్నగా నవ్వుకుంది. పరాయివాళ్ళ మీద కుళ్ళుకోవడం ఒకెత్తు. నన్ను పట్టుకున్న చెయ్యి తన గొంతు కోసం నన్ను తిప్పుతుంటే ఆ బాధ వేరు.

చివరి పాఠం వచ్చింది. విషయం, డాక్టరుతో మాట్లాడటం. ఆవిడ మాత్రం పూర్తిగా ధైర్యం చెయ్యలేదు. మూడో క్యాసెట్లో దొరసాని ఆసుపత్రి సంభాషణ ఉంది, దాంతో మొదలుపెడదామనుకుంది. వెనక బెంచీలో అలెమ్లా కాగితాలు పట్టుకుని కూర్చుంది. ముందు వరసలో షమ్సా అనే ఒమాన్ ఆవిడ. సూర్ అనే ఊరి నుంచి భర్త పేగు ఆపరేషన్ కోసం వచ్చింది. నాలుగు వారాలుగా డాక్టర్లు దుబాసీతో మాట్లాడటం, దుబాసీ ఈవిడకి సగం చెప్పడం. అందుకే రోజూ ఆసుపత్రి నుంచి తిన్నగా తరగతికి వచ్చేది.

టీచరు ప్లే మీట నొక్కింది. దొరసాని "గుడ్ ఆఫ్టర్నూన్, డాక్టర్" అంది.

నేను టేపు మింగేశాను. కావాలనే. రోలరుకి చుట్టి, మడతలు పెట్టి, కిర్రుమనిపించాను. ఆవిడ మూత తెరిస్తే గోధుమరంగు రిబ్బను గుప్పెడు బయటికొచ్చింది. చెయ్యాలనుకున్నది అయిపోయింది. ఇప్పుడేం చేస్తావు, అనుకున్నాను.

ఆవిడ నన్ను చూసింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూసింది. అఖిల కిటికీ దగ్గర గోళ్ళు కొరుక్కుంటోంది.

టీచరు నన్ను బల్ల మీంచి తీసి కింద నేల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని షమ్సాకి ఎదురుగా కూర్చుంది. మెడలో పైట కొంగు స్టెతస్కోపులా వేసుకుంది.

"గుడ్ ఆఫ్టర్నూన్. ఐ యామ్ ద డాక్టర్. ఆస్క్ మీ."

షమ్సా కుర్చీ అంచుకి జరిగింది. ఇది పాఠమన్న సంగతి మరిచిపోయిందేమో, టీచరు చెయ్యి పట్టుకుంది. "డాక్టర్... మై హస్బెండ్... వెన్ హి విల్ ఈట్?"

టీచరు తప్పని అనలేదు. నాలుగు వేళ్ళు చూపించి ఒక్కో వేలికీ ఒక్కో మాట చెప్పింది. మధ్య రెండు వేళ్ళనీ అటుదిటు మార్చి చూపించింది. షమ్సా ఆ వేళ్ళని చూస్తూ అంది: "వెన్ విల్ హి ఈట్?"

"అగైన్."

"వెన్ విల్ హి ఈట్?"

వెనక వరసలో ఒక కుర్రాడు అదే మాట తనూ అన్నాడు. తరవాత అందరూ. ఆవిడ ఒక్కొక్కళ్ళ దగ్గరికీ కుర్చీ జరుపుకుంటూ వెళ్ళింది. నలభై నిమిషాలు ఒక్క తెలుగు ముక్క దొర్లలేదు. నేను నేల మీద, చెప్పుల పక్కన, నోట్లో టేపుతో కూర్చున్నాను.

మర్నాడు షమ్సా తరగతిలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఐ ఆస్క్! డాక్టర్ సే, టుమారో సూప్. ఫ్రైడే, రైస్!" అని టీచర్ని కౌగలించుకుంది. పక్కన నిలబడ్డ అలెమ్లా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ వారాంతంలో టీచరు పాసైంది. నెల తిరక్కుండా వియత్నాంలో ఒక సముద్రతీరపు ఊరి బడి నుంచి పిలుపు వచ్చింది.

నేనిదంతా ఆపుదామనుకున్నాను. ఆపలేదు సరికదా, దారి నేనే తవ్వాను. కుళ్ళుకునేవాళ్ళందరికీ ఇదే గతి కాబోలు.

అఖిల పెన్సిలుతో టేపు చుట్టి నన్ను బాగుచేసింది. విమానంలోకి నా బరువు ఎక్కువ. టీచరు నన్ను చీర చెంగుతో తుడిచి, "ఇన్నేళ్ళూ నా బదులు ఇది మాట్లాడింది పాపం," అంది. తరవాత తన గొంతున్న క్యాసెట్‌తో సహా నన్ను షమ్సాకి ఇచ్చేసింది. "ప్రాక్టీస్," అంది. అంతే. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. అఖిలతో ఏదో మాట్లాడుతూ మెట్లు దిగిపోయింది.

భర్త కోలుకున్నాక షమ్సా నన్ను తన బట్టల మధ్య చుట్టి సూర్ తీసుకెళ్ళింది. అలా నేనూ విదేశానికి ఇంగ్లీషు నేర్పడానికి వచ్చాను. కాకపోతే వేరొకరి గొంతుతో. సాయంత్రాలు షమ్సా ముగ్గురు పిల్లలూ నా చుట్టూ కూర్చుంటారు. ఫోనులో ఒకసారి టీచరు కనిపించింది. వెనక వియత్నాం పిల్లలు అరుస్తున్నారు. షమ్సా పిల్లలు ఫోనుకి ముద్దులు పెట్టారు. నా వైపు ఒక్కరూ చూడలేదు.

ఈ మధ్య నా మోటారు నెమ్మదించింది. మీట నొక్కాక గొంతు బయటికి రావడానికి కాస్త సమయం పడుతుంది. నిన్న షమ్సా చిన్నకూతురు రీమ్, ఆరేళ్ళది, మీట నొక్కి నా ముందు గొంతుక్కూర్చుంది. నేను శక్తి కూడదీసుకుంటున్నాను. అంతలోనే ఆ పిల్ల పాఠమంతా తనే అప్పజెప్పేసింది, అదే చీరాల యాసలో, అదే విరుపుతో.

ఇప్పుడు నాకు ఆ పిల్లంటే కుళ్ళు.