కోనెం తలకాయ

కోనెం చేప తలకాయను పోలయ్య తనంతట తానే పెళ్ళాం పెద్దతల్లి కంచంలో వేసిన రోజున, ఏదో కొంప మునిగిందని ఆమెకు తెలిసిపోయింది. కాపురానికి వచ్చింది మొదలు తలకాయ పోలయ్యదే. సముద్రం మీద వేటకెళ్ళేవాడికి తలకాయ, బుట్ట నెత్తిన పెట్టుకుని పూండి బజారులో అమ్ముకొచ్చేదానికి తోకముక్క. అలాంటి మనిషి తలకాయ ఇవ్వడమే కాక, "ముల్లుంటాది, సూసి తిను" అని కూడా అన్నాడు.

"నానేటి సచ్చిపోతన్నానా మావా?" నవ్వుతూనే అడిగింది.

పోలయ్యకు పొలమారింది. నీళ్ళ కోసమని లేచినవాడు చాలాసేపు తిరిగి రాలేదు.

సంగతేమిటంటే, ఆమె ఎడమ రొమ్ములో జీడిపిక్కంత గడ్డ కట్టింది. పలాసలో డాక్టర్ వైకుంఠరావు సూదితో రవ్వంత కండ తీసి విశాఖపట్నం పరీక్షకు పంపాడు. ఆ కాయితం వచ్చిన రోజున, "నువ్వు కాస్త బయట కూర్చోమ్మా" అని ఆమెను పంపేసి, పోలయ్యతో మాట్లాడాడు. బయటికొచ్చిన పోలయ్య, "ఏటీ నేదే, ఉట్టి గడ్డే" అని గోడకేసి చూశాడు. నిన్నటి చేపను ఇవాళ్టిదని అమ్మేటప్పుడు తానెటు చూస్తుందో పెద్దతల్లికి తెలియదా!

తన ఒంట్లో ఏముందో తనకు తప్ప అందరికీ తెలుసన్న సంగతి ఆ గడ్డ కంటే ఎక్కువ సలిపింది. మొగుణ్ణి అడిగి లాభం లేదు. డాక్టరునే పట్టాలనుకుంది.

మళ్ళీ వెళ్ళిన రోజున వైకుంఠరావు కలం తీసి, "గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అన్నాడు.

"మా మావనడుగు బాబూ."

డాక్టరు పోలయ్యను చూశాడు. పోలయ్య పైనున్న ఫ్యాను చూశాడు.

"మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఇలాంటి జబ్బు చేసిందా?"

"మావనడుగు."

"పోనీ, నీకు నెలసరి ఎప్పుడు ఆగింది?"

"అదీ మావకే తెల్సు."

"ఓలమ్మో, నాకేటి తెల్సే!" పోలయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. మందులిచ్చే నర్సు మొహం పక్కకు తిప్పుకుంది.

"నీ ఒంటి సంగతి నువ్వు కదమ్మా చెప్పాలి?" డాక్టరు విసుక్కున్నాడు.

"నా ఒంటి సంగతైతే, ఆ కాయితంలోది మావకెందుకు సెప్పినావు బాబూ?"

వైకుంఠరావు కలం కింద పెట్టాడు. "నువ్వు భయపడతావని..."

"ఎవులు బయపడిపోనారో సూడు." పోలయ్యను చూపించింది. "సేపకి మొప్పలెత్తి సూపకపోతే పూండిలో నా బుట్ట ఎవులూ ముట్టరు. నా కండ తీసినోడివి నువ్వు, నాకు సూపవా? మావా, నువ్వెల్లి టీ తాగిరా."

పోలయ్య బతుకుజీవుడా అని బయటపడ్డాడు.

అప్పుడు డాక్టరు కుర్చీ ఇటు తిప్పి, ఆమె మొహంలోకి చూసి చెప్పాడు. కేన్సరు. విశాఖపట్నంలో ఆ రొమ్ము తీసేయాలి. తర్వాత పెట్టే మందుకు జుత్తు రాలుతుంది, మళ్ళీ వస్తుంది.

పెద్దతల్లి పైట సర్దుకుంది.

"బతుకుతానా బాబూ?"

"ముందే వచ్చావు, ఆశ బాగానే ఉంది. తప్పకుండా అని మాత్రం చెప్పలేను."

"ఆ మాట సాలు. బుట్ట ఎత్తగల్నా?"

"ఆ చేత్తో ఇక బరువులెత్తకూడదు."

"కొయ్యమని రాసియ్యి బాబూ. తెలిసి ఒప్పుకుంతన్నాను."

బయట ఎస్టీడీ బూతు పక్కన పోలయ్య గ్లాసుడు టీ పట్టుకుని నిలబడ్డాడు. అది ఎప్పుడో చల్లారిపోయింది.

"ఏటన్నాడే?"

"ఏటీ నేదు మావా. ఉట్టి గడ్డే." గోడకేసి చూసింది.

పోలయ్య కళ్ళు నిండిపోయాయి. అది చూసి ఇక ఆడించబుద్ధి కాలేదు. బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టరు చెప్పిందంతా ఒక్క మాట దాచకుండా చెప్పింది. ఆ చల్లటి టీ కూడా తానే తాగేసింది.

"ఇకమీద పూండికి బుట్ట నువ్వే మొయ్యాల. ఎనకాల నడిసి నాను బేరమాడతాను."

"నానా? నెత్తిమీదా? ఊరంతా నవ్వదా?"

"నవ్వనీ, సేపలు తొరగా అమ్ముడైపోతాయి. ఇంకోటి మావా."

"ఏటి?"

"రేపు జబ్బు తగ్గిపోనాది గదా అని కోనెం తలకాయ మళ్ళీ నువ్వు లాక్కుంతావేమో. అది ఇక నాదే."