మెహందీ పోకముందే

పెళ్లయిన ఆరో రోజు అత్తమ్మ వజీర్ బీ కుంటుతుంటే చూశాను. కాలిలో రక్తం గడ్డకట్టిందని ఆమె కొత్తగా మాత్రలు వేసుకుంటోంది. తొడమీద నల్లటి మచ్చ; పెళ్లింట్లో చెప్పకూడదని దాచిందట. వెంటనే ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో చూపించాం. ఆ మాత్రల వల్ల అరుదుగా చర్మం ఇలా చచ్చిపోతుందని చెప్పి, డాక్టరమ్మ వాటిని ఆపి ఇంజెక్షన్లు మొదలుపెట్టింది.

మచ్చ పుండైంది. ఇక రోజూ నేనే కట్టు మార్చాలి.

"మెహందీ పోని చేత్తోని పుండు ముట్టొద్దు బేటీ!"

"గ్లౌజులు ఏసుకున్న అత్తమ్మా. మెహందీకి పుండు కనవడదు, పుండుకు మెహందీ కనవడదు."

నవ్వి కాలు చాపింది.

మూడు వారాలకు పుండు అంచున లేత గులాబీ చర్మం వచ్చింది. నాకు ఎగరాలనిపించింది. అరచేతులు చూపించి, "మెహందీ పోయింది. ఇగ గ్లౌజులెందుకు?" అని ఉడికించాను.

"చుప్! ఉత్త చేతులు పెడితే డాక్టరమ్మ నన్ను తిడతది," అంది అత్తమ్మ, కాలు చాపుతూ.